ఫ్లైఓవర్ కింద ఎవరి వాటా?

జూపార్కు నుంచి ఆరాంఘర్ వరకు నిర్మించిన నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్‌ను 2025 జనవరిలో ప్రారంభించి, మన్మోహన్ సింగ్ పేరు పెట్టారు. వ్యయం సుమారు 800 కోట్లు. పాతబస్తీకి ప్రభుత్వాలు ఏమీ చేయలేదనే వారికి దీన్నీ, అంతకుముందు కట్టిన బహదూర్‌పురా వంతెననూ చూపవచ్చు. డబ్బు వచ్చిన మాట నిజం. కింద ట్రాఫిక్ కొంత తగ్గిన మాటా నిజమే. కానీ ఆ వంతెన ప్రధానంగా ఎవరిని మోస్తున్నది? బెంగళూరు రహదారికో, శంషాబాద్ విమానాశ్రయానికో పోయే వాహనాన్ని. అది బస్తీలో ఆగదు, బస్తీ మీదుగా పోతుంది.

రహదారుల వ్యయం పెరిగిన తీరు చూస్తే ఈ ప్రశ్న ఒక్క వంతెనకు పరిమితం కాదని తెలుస్తుంది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖకు 2013-14లో దక్కింది సుమారు 31 వేల కోట్లు. 2023-24 బడ్జెట్‌లో 2.70 లక్షల కోట్లు. జాతీయ రహదారుల నిడివి 91 వేల కిలోమీటర్ల నుంచి 1.46 లక్షలకు చేరింది. ఈ పెరుగుదలలో కొంత భాగం, రహదారుల ప్రాధికార సంస్థ కొత్త అప్పులను ఆపి ఆ భారాన్ని బడ్జెట్ మీదికి మార్చడం వల్ల వచ్చింది. ఏమైనా, ఇంత వేగంగా పెరిగిన పద్దులు అరుదు.

ఈ సొమ్ము సంపన్నుల జేబుల నుంచే రాలేదు. వాజపేయి ప్రభుత్వం 2000లో చట్టం చేసి పెట్రోలు, డీజిల్ సెస్సుకు రహదారి నిధి రూపమిచ్చింది. 2018లో లీటరుకు 8 రూపాయల రోడ్డు, మౌలిక వసతుల సెస్సు వచ్చింది. సెస్సుల్లో రాష్ట్రాలకు పంపకం లేదు. తలాబ్‌కట్ట ఆటో డ్రైవరు కొనే ప్రతి లీటరు మీదా రహదారి సెస్సు ఉంది. ఆ డబ్బుతో వేసిన రహదారి మీద అతని ఆటోకు చోటుందా అని అడిగేవారు లేరు.

ఇక దళితుల వాటా లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి సాధించుకున్న 2013 ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం జనాభా దామాషాలో నిధులివ్వాలన్నది. అదే చట్టం, విభజించ వీలులేని మౌలిక నిర్మాణాల వ్యయంలో ప్రభుత్వం నిర్ణయించిన భాగాన్ని ఉపప్రణాళికకు చెందినట్లుగా పరిగణించవచ్చని కూడా చెప్పింది. మొత్తం చిక్కు ఈ ‘పరిగణించడం’లోనే ఉంది. కాగితం మీద దళితుడికి వాటా దక్కుతుంది. వాడకు మాత్రం డ్రైనేజీ రాదు. ఇది ఊహాజనితమైన భయం కాదు. ఢిల్లీ ప్రభుత్వం ఎస్సీల నిధుల్లోంచి సుమారు 678 కోట్లు కామన్వెల్త్ క్రీడల పనులకు మళ్లించిందని నాటి హోం మంత్రి చిదంబరమే 2010లో రాజ్యసభలో అంగీకరించారు. తెలంగాణ 2017 చట్టం మిగిలిన నిధులను మరుసటి ఏడాదికి చేర్చే మంచి ఏర్పాటు తెచ్చింది. అయితే మిగలకుండా లెక్కలో ఖర్చయిపోయిన నిధికి ఆ ఏర్పాటు ఏం చేయగలదు?

పాతబస్తీలో ఎక్కువమందికి ఈ కాగితపు వాటా కూడా లేదు. వెనుకబడిన ముస్లిం సమూహాలకు 2007 చట్టంతో బీసీ-ఈ కింద విద్య, ఉద్యోగాల్లో 4 శాతం దక్కింది. బడ్జెట్‌లో జనాభా దామాషా కోరే చట్టమేదీ వారికి లేదు. తెల్లవారుజామున చార్మినార్ దారిని ఊడ్చే దళిత మహిళ, అదే దారిలో బండి పెట్టుకునే ముస్లిం చిరువ్యాపారి ఒకే రోడ్డు మీద బతుకుతారు. రోడ్డు బడ్జెట్‌లో మాత్రం ఒకరు అంకె, మరొకరు అదీ కారు.

ఇదే నగరంలో మరో పద్ధతీ నడిచింది. 1908 మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి రోడ్లు విస్తరిస్తూనే మురికివాడలు ఖాళీచేయించిన చోటికి బదులు పేదలకు ఇళ్లు కట్టించింది. నిజాం పాలనను కీర్తించడానికి ఈ మాట చెప్పడం లేదు. రోడ్డూ, రోడ్డు పక్క మనిషీ ఒకే సంస్థ బాధ్యతగా ఉండిన రోజులు ఉన్నాయని మాత్రమే.

ప్రాంతీయ వలయ రహదారి పనులు ముందుకు సాగకముందే ప్రభుత్వం రెండు లెక్కలు శాసనసభ ముందుంచాలి. విభజించలేని పనుల పేరిట ప్రత్యేక అభివృద్ధి నిధిలో ఇప్పటిదాకా ఎంత చూపారు, ఏ కొలతతో చూపారు? చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా నియోజకవర్గాల లోపలి గల్లీలకూ, కాలువలకూ అదే కాలంలో ఎంత ఇచ్చారు?