రాకాసి గుళ్లు, మా బొందలగడ్డ



ఇటలీలోని సార్డీనియా దీవిలో పొలాల మధ్య పెద్దపెద్ద రాతి సమాధులున్నాయి. కంచు యుగం నాటివి. ఒక్కోదాంట్లో ఎంతోమందిని కలిపి పూడ్చారు. ఆర్జకేనా దగ్గరి సమాధి ముందు నిలబెట్టిన బండ 4 మీటర్ల ఎత్తుంటుంది. అంత బండను మామూలు మనుషులు లేపారంటే నమ్మలేక, అక్కడి జనం వాటికి మహాకాయుల సమాధులని పేరు పెట్టుకున్నారు.

మన దగ్గర అలాంటి వాటినే రాకాసి గుళ్లు అంటారు. దొంగతోగు దగ్గరున్నాయి, జానంపేటలో ఉన్నాయి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు, 40 టన్నులకు పైగా ఉన్న కప్పుబండను లేపడానికి క్రేన్ తెచ్చారు. ఇనుప యుగంలో దాన్ని అక్కడ పెట్టింది మాత్రం మనుషులే. కష్టం చేసినోళ్ల పేరు పోయింది, రాకాసి పేరు మిగిలింది. ఈ దేశంలో ఆ మాట ఎవరి మీద వేశారో మనకు తెలియనిదా?

ఇలాంటి సమాధుల్లో దొరికేవేంటి? నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, కొడవళ్లు, పూసలు. వాళ్లు మన తాతలేనని కొందరు రాస్తున్నారు. నాకు ఆ వాదన అక్కర్లేదు. అప్పుడూ అందరికీ అంత బండ దక్కి ఉండదు. కానీ చచ్చినోళ్లను పనిముట్లతో సహా గౌరవంగా మట్టికి అప్పజెప్పారు. నాకు కావాల్సింది ఆ గౌరవం.

ఇప్పుడు అమీన్‌పూర్‌కు రండి. 2016లో ఇక్కడి చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పిట్టలకు చోటు దక్కినందుకు సంతోషమే. మా వాళ్లు శవాన్ని కాల్చరు, పూడుస్తారు. మా తాత మీద బండ లేదు. మట్టికుప్ప, పక్కన తుమ్మచెట్టు, అంతే గుర్తు. దాన్ని చదును చేయడానికి జేసీబీకి ఒక్క పూట చాలు. గజాల లెక్కన భూమి అమ్ముడుపోయే చోట, మా బొందలగడ్డ ఖాళీ జాగాలా కనబడుతుంది. అడిగితే కాగితం చూపమంటారు. తరతరాల ఎముకలు సాక్ష్యం కావట!

రాకాసి గుళ్లకూ ఇదే గతి. క్వారీకి అది రాయి, వెంచర్‌కు అడ్డం.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నా. ఊరికి పోయినప్పుడు మీ వాడ బొందలగడ్డ సర్వే నంబరు కనుక్కోండి. పహాణీలో ఏమని రాశారో చూడండి. హద్దులు కొలవండి, ఫొటోలు తీయండి, ఎవరు ఎక్కడున్నారో ముసలోళ్లను అడిగి రాసుకోండి. శ్మశానంగా నమోదు చేయమని తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. చుట్టుపక్కల రాకాసి గుళ్లుంటే వాటినీ రాయండి.

బతికున్నప్పుడు ఊరవతల ఉంచారు. చచ్చాక ఆ ఊరవతల కూడా లేకుండా చేస్తుంటే చూస్తూ ఊరుకుందామా?

జై భీం.