వినోదానికి వేళ.. వైద్యానికి డాక్టరు

ఉదయం తొమ్మిది గంటలప్పుడు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఒకసారి చుట్టూ చూడండి. బోగీలో సగానికి పైగా తలలు వంగే ఉంటాయి. ఒకరు రీల్స్ చూస్తుంటారు, ఒకరు రాత్రి మిస్సయిన సీరియల్ చూస్తుంటారు, ఇంకొకరు క్రికెట్ స్కోరు. నాచారం పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టు దిగిన కార్మికుడికి బస్సు వచ్చేదాకా తోడు ఫోనే. నాగారంలో భోజనాలయ్యాక నడుం వాల్చిన పెద్దావిడకు పురాణం వినిపించేదీ, అమెరికాలో ఉన్న మనవడిని చూపించేదీ ఫోనే. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. రోజంతా కష్టపడిన మనిషికి కాసింత కాలక్షేపం కావాలి. అది అరచేతిలోకే వస్తే సంతోషించాలి.

అయితే ఆ కాలక్షేపం మధ్యలో, అదే వరసలో ఇంకొకటి కూడా వస్తోంది. ఒక పాట, ఒక కామెడీ బిట్, ఆ వెంటనే ‘షుగర్ మాత్రలు ఇక అక్కర్లేదు, ఈ ఆకు పరగడుపున నమలండి’ అనే వీడియో. పాటను ఎంత తేలిగ్గా చూశామో దాన్నీ అంతే తేలిగ్గా చూస్తాం. కానీ పాట మరచిపోతాం. ఆకు మాట మాత్రం మనసులో ఉండిపోతుంది. మర్నాడు మాత్ర వేసుకునే వేళకు గుర్తొస్తుంది. ఈ వారం మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే.

స్కోరు చూసి జేబులో పెట్టిన రోజులు

2005 నవంబరులో ఉప్పల్ స్టేడియంలో భారత్, దక్షిణాఫ్రికా వన్డే ఆడాయి. ఆ మైదానంలో అదే తొలి అంతర్జాతీయ మ్యాచ్. అప్పట్లో ఆఫీసులో ఉన్నవాళ్లకు స్కోరు తెలియాలంటే ఎస్సెమ్మెస్ ఒక దారి. మెసేజ్ వచ్చేది, చదివేవాళ్లం, ఫోన్ మళ్లీ జేబులోకి వెళ్లేది. కావలసిన సమాచారం అందగానే పని అయిపోయేది. రేడియోలో సినిమా పాటల కార్యక్రమమైనా అంతే. సమయం కాగానే ముగిసేది.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. సమాచారం, వినోదం కలిసి ఒకే తెర మీదకు వచ్చాయి. ఆ తెరకు అడుగు లేదు. ఎంత కిందికి జరిపినా ఇంకొకటి ఉంటుంది. ఏది చూపాలో నిర్ణయించే యంత్రానికి తెలిసింది ఒక్కటే: మీరు దేని దగ్గర ఎక్కువసేపు ఆగారు? మోకాళ్ల నొప్పుల వీడియో దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు, రేపటికి అలాంటివే పది వస్తాయి. అవి నిజమా కాదా అన్నది దాని లెక్కలో ప్రధానం కాదు. పది మంది చెబుతున్నారు కదా అని మనకు నమ్మకం పెరుగుతుంది. నిజానికి ఒకే మాటను పది గొంతులతో విన్నామంతే.

బైరెడ్డిపల్లె నేర్పిన పాఠం

ఈ కలగలుపు ఎక్కడికి దారి తీస్తుందో మన తెలుగు నేల మీదే చూశాం. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ భయం కమ్ముకున్న రోజుల్లో, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో కొందరు ఉమ్మెత్త కాయల రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. అది తాగితే కరోనా రాదని టిక్‌టాక్‌లో ఎవరో పెట్టిన వీడియో చూసి వాళ్లు ఆ పని చేశారు. సకాలంలో ఆస్పత్రికి చేర్చబట్టి సరిపోయింది.

ఉమ్మెత్త విషమని పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. దాని గింజల్లో అట్రోపిన్, స్కోపలమిన్ వంటి పదార్థాలుంటాయి. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు విప్పారుతాయి, గుండె వేగం పెరుగుతుంది, మనిషి మతి తప్పి మాట్లాడతాడు. మోతాదు మించితే ప్రాణమే పోవచ్చు. తరతరాలుగా తెలిసిన ఆ సంగతిని ఒక చిన్న వీడియో ఎలా మరిపించగలిగింది? వాళ్లు అమాయకులని తేల్చేయకండి. భయంలో ఉన్న మనిషి ధైర్యం చెప్పే మాట కోసం వెతుక్కుంటాడు. పాటలకూ డ్యాన్సులకూ అలవాటు పడిన తెర మీద, మనలాంటి మనిషే, మన యాసలోనే చెబుతుంటే నమ్మకం కలుగుతుంది. మరుసటి ఏడాది ఆక్సిజన్ దొరకని రోజుల్లో, కర్పూరం, వాము, లవంగాలు మూటగట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశాన్ని చదువుకున్నవాళ్లు కూడా పంచిపెట్టారు. దాంతో ఆక్సిజన్ పెరుగుతుందనడానికి ఆధారం లేదు.

గడియారం నడుస్తుంటే ఫోన్ చూస్తారా?

ఇప్పటికీ కొన్ని సందేశాలు మన గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి. పక్షవాతం వస్తే వేళ్ల చివర సూదితో గుచ్చి రక్తం కార్చాలన్నది వాటిలో ఒకటి. దానివల్ల మేలు జరగకపోగా విలువైన సమయం పోతుంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు దాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. అది కూడా స్కాన్ తీసి, రక్తస్రావం లేదని తేలాకే. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెతకాల్సింది వీడియో కాదు. 108కు ఫోన్ చేయాలి. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి, బతికి బయటపడతారు అనే సందేశమూ అలాంటిదే. ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషి దగ్గుతూ కూర్చుంటే ఆస్పత్రికి చేరాల్సిన సమయం గడిచిపోతుంది.

షుగర్, బీపీ ఉన్నవాళ్ల విషయం మరీ జాగ్రత్త. బీపీ మాత్ర ఆపేసిన రోజు ఏమీ అనిపించకపోవచ్చు. అదే మోసం. బీపీ పెరిగినా చాలామందికి బయటికి తెలియదు. తెలిసే రోజుకు మెదడో, గుండో, కిడ్నీయో దెబ్బతిని ఉండొచ్చు. టైప్-1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. కాబట్టి ఒక్క నియమం పెట్టుకోండి: డాక్టర్ రాసిన మందు ఆపడం, మార్చడం, కొత్తది మొదలుపెట్టడం.. ఈ మూడింటిలో ఏదీ ఫోన్ మాట విని చేయవద్దు. ఆ వీడియో మీకు నచ్చితే దాచుకోండి. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు చూపించి అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అదే ఫోన్, మంచి దారి

ఇంత చెప్పాక ఫోన్ పక్కన పడేయమంటారా అని మీరు అడగవచ్చు. అనం. అత్యవసర వేళ ఫోన్ కంటే మేలు చేసే వస్తువు ఇంట్లో మరొకటి లేదు. 108 సేవ హైదరాబాద్‌లోనే మొదలైంది, 2005 ఆగస్టు 15న. మనసు బాగోలేనప్పుడు, నిద్ర పట్టనంత దిగులు పట్టుకున్నప్పుడు టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆస్పత్రికి వెళ్లలేని చిన్న సమస్యలకు కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా డాక్టర్‌తో ఉచితంగా మాట్లాడే వీలుంది. ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసి, చదవలేని పెద్దలకు ఒక్క మీట నొక్కితే వెళ్లేలా పెట్టి ఇవ్వండి.

తిండి గురించి తెలుసుకోవాలనుకుంటే మంచి ఆధారం మనకు దగ్గర్లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయుల ఆహారానికి 17 మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటవద్దంటుంది. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దంటుంది. జిమ్ రీల్స్ చూసి డబ్బాలు కొంటున్న మీ అబ్బాయికి ఈ రెండో మాట చెప్పండి.

వచ్చిన సందేశాన్ని తూచడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాట్సాప్‌లో పైన జంట బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. చెప్పింది ఎవరో చూడండి. ‘ఒక పెద్ద డాక్టర్’ అంటే చాలదు. పేరు, పనిచేసే చోటు, రిజిస్ట్రేషన్ ఉండాలి. చివర్లో ఏదైనా పొడి, నూనె, కోర్సు అమ్ముతున్నారా గమనించండి. ‘వందకు వంద శాతం నయం’, ‘డాక్టర్లు మీకు చెప్పని రహస్యం’ అనే మాటలు వినబడితే అక్కడితో ఆపేయండి. ‘పదిమందికి పంపండి’ అని ఉంటే ఒక్కరికీ పంపకండి.

వినోదానికి హద్దు మీరే గీయాలి

ఇక కాలక్షేపం సంగతి. సెల్‌ఫోన్ రేడియేషన్‌తో మెదడులో గడ్డలొస్తాయేమోనని చాలామంది అడుగుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన విస్తృత సమీక్ష ఒకటి 2024లో వెలువడింది. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని అది తేల్చింది. మనకు జరుగుతున్న నష్టం అంత మిస్టరీ ఏమీ కాదు. మెడ, కళ్లు, చెవులు, నిద్ర.. రోజూ కొంచెం కొంచెంగా అరుగుతున్నవి ఇవే.

మన తల బరువు సుమారు 5 కిలోలు. దాన్ని ముందుకు వంచేకొద్దీ మెడ మీద భారం పెరుగుతుంది. కాబట్టి తలను ఫోన్ దగ్గరికి దించకండి, ఫోన్‌నే కళ్ల ఎత్తుకు తీసుకురండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. తెర చూస్తూ రెప్ప వేయడం తగ్గిస్తాం, కళ్లు పొడిబారి మండేది అందుకే. మెట్రో రొదను మించి వినబడాలని ఇయర్‌ఫోన్స్ శబ్దం పెంచకండి. పోయిన వినికిడి చాలావరకు తిరిగి రాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లకు పగటి నిద్రే ప్రాణాధారం. ‘ఒక్క వీడియో’ అని మొదలుపెడితే రెండు గంటల నిద్ర పోతుంది. మళ్లీ యంత్రం దగ్గరికి వెళ్లేది ఆ నిద్రమత్తుతోనే.

పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే స్పష్టంగా చెప్పింది. రెండేళ్ల లోపు పిల్లలకు కూర్చోబెట్టి తెర చూపించడం వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. అన్నం తినిపించడానికి ఫోన్ ఇవ్వని ఇల్లు ఇప్పుడు అరుదు. మనకు ఆ పూట తేలికవుతుంది. కానీ ఆకలి ఎప్పుడు తీరిందో ఆ బిడ్డకు తెలియకుండా పోతుంది. అమ్మ చేతిలో ఫోన్ ఉండగా పిల్లలకు వద్దని చెప్పలేం కాబట్టి, కనీసం అన్నం దగ్గర ఇంటిల్లిపాదీ ఫోన్లు పక్కన పెట్టండి.

పెద్దవాళ్ల చేతిలో ఫోన్ చూసి విసుక్కోకండి. ఊరు వదిలి, పిల్లల కోసం నగరం చివరి కాలనీకి వచ్చిన అమ్మకు, అత్తమ్మకు పగలంతా పలకరించేది అదొక్కటే కావచ్చు. ఆమెకు వచ్చిన సందేశాన్ని ‘ఫేక్’ అని కొట్టిపారేస్తే రేపటి నుంచి మీకు చూపించడం మానేస్తుంది, పాటించడం మాత్రం మానదు. పక్కన కూర్చుని ‘ఏం చెబుతున్నారమ్మా ఇందులో?’ అని అడగండి. ఆమె మాత్రలు సరిగ్గా వేసుకుంటోందో లేదో కూడా ఆ మాటల్లోనే తెలిసిపోతుంది.

ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. ఇంట్లో అందరి మందుల డబ్బా ఒకసారి బయటికి తీయండి. డాక్టర్ రాసిన చీటీ పక్కన పెట్టుకుని, ఈ నెలలో ఎవరైనా ఏదైనా మాత్ర మానేశారా, ఎందుకు మానేశారు అని నెమ్మదిగా అడగండి. జవాబు ‘ఫోన్‌లో చూశాను’ అని వస్తే కోప్పడకండి. సోమవారం ఉదయం వాళ్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దారిలో పాటలు వింటూ వెళ్లవచ్చు. ఫోన్ ఉన్నది అందుకే.