విహారమా? వివేకమా?

విహారము పాపము కాదు. కాని వ్యాధిని వెంటగొనిపోవు విహారము నిర్దోషమనుట యెట్లు? 2020 మార్చి 25న దేశమంతటను రాకపోకలు స్తంభించెను. నిర్బంధము సడలినంతనే, ఆ శీతకాలముననే, పట్టణవాసులు మంచు చూడవలెనని అరకునకును లంబసింగికిని గుంపులుగా పోయిరి. 2021 వేసవిలో వ్యాధి రెండవమారు విజృంభించెను.

పట్టణవాసికి జ్వరము వచ్చినచో వీధి చివర వైద్యుడు కలడు. దారిలేని గిరిజన గూడెములలో డోలీయే వాహనము. విశాఖపట్టణపు కింగు జార్జి ఆసుపత్రి అరకునకు 100 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఒకరి వినోదమునకై మరియొకరు ప్రాణమొడ్డవలెనా?

యాత్రికులు రాకున్న గిరిజనులకు కూడు కరవగునని కొందరందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. బొర్రా గుహలయొద్ద చిల్లర వర్తకముతో బ్రతుకువారి కష్టము నిజమే. అట్టివారికి ఆ దినములలో భృతి నిచ్చుట ప్రభుత్వ ధర్మము. మన ధర్మమును కలదు. 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీని, తేనెను పట్టణములలోనే విక్రయించుచున్నది. వానిని కొనుటకు కొండ నెక్క నక్కరలేదు.

మహమ్మారి మరల రాదని యెవరు చెప్పగలరు? వచ్చిననాడు కొండ యెక్కడికిని పోదు. అప్పుడు మనము గడప దాటకుండుటయే గిరిజన సోదరులకు మొదటి సేవ.