గెలిచిన గుర్రాల జాతకాలు

ఏటా ఏప్రిల్ దగ్గర పడగానే ఇంగ్లండ్ పత్రికల్లో ఒక రకం వ్యాసం మొలుస్తుంది. లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్‌లో ఈసారి ఏ గుర్రం గెలుస్తుందో గత ఇరవయ్యేళ్ల లెక్కలు చూసి తేల్చేస్తాం అంటుంది. మరీ చిన్న వయసు గుర్రం పనికిరాదు, వీపు మీద బరువు 11 స్టోన్లు, అంటే సుమారు 70 కిలోలు, దాటకూడదు, ఫ్రాన్స్‌లో పుట్టి ఉండకూడదు... ఇలా ఒక్కో జల్లెడ పట్టి ముప్ఫై నాలుగు గుర్రాల్ని నాలుగుకి దించి, చివరికి ఒక పేరు చెప్తారు. దీనికి ‘ట్రెండ్స్’ అని పేరు.

నేను దీన్ని జాతకం అంటాను. ఇంకా అధ్వాన్నం. జాతకం చెప్పేవాడు కనీసం ఎక్సెల్ షీటు చూపించి నోరు మూయించడు.

రేసు గురించి రెండు ముక్కలు. 1839 నుంచి జరుగుతోంది. నాలుగు మైళ్లకి పైగా దూరం, దూకాల్సిన అడ్డంకులు ముప్ఫై. ఇది హ్యాండిక్యాప్ రేసు. అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు, మామూలు గుర్రానికి తక్కువ బరువు ఇచ్చి అందరికీ సమానమైన అవకాశం ఇవ్వాలని చూస్తారు.

ఇప్పుడు ఆ బరువు సూత్రం సంగతి చూద్దాం. 1984 నుంచి 2004 దాకా, రద్దయిన 1993 రేసుని తీసేస్తే, ఇరవై రేసులు. ఒక్కదాంట్లో కూడా 11 స్టోన్లు దాటిన గుర్రం గెలవలేదు. ఇరవైకి ఇరవై! ఇంతకన్నా గట్టి రుజువు ఏం కావాలి అనిపిస్తుంది. కానీ అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు: అసలు అంత బరువుతో పరిగెత్తినవి ఎన్ని? ఆ కాలంలో ఎక్కువ గుర్రాలు తక్కువ బరువుతోనే దిగేవి. ఎక్కువమంది ఉన్న గుంపులోంచి విజేత రావడం ట్రెండ్ కాదు, అంకగణితం. తర్వాత హ్యాండిక్యాపర్ బరువుల మధ్య తేడా తగ్గించాడు, పై బరువుల్లో పరిగెత్తే గుర్రాలు పెరిగాయి. 2005లో హెడ్జ్‌హంటర్, 2010లో డోంట్ పుష్ ఇట్, 2012లో నెప్ట్యూన్ కోలాంజ్, 2015లో మెనీ క్లౌడ్స్ 11 స్టోన్లు దాటి గెలిచాయి. ‘చట్టం’ కాస్తా గాలికి పోయింది.

ఫ్రెంచి గుర్రాల సంగతీ అంతే. 1909 తర్వాత వందేళ్లు ఒక్క ఫ్రెంచి గుర్రం గెలవలేదు. 2009లో మాన్ మోమ్ వందకి ఒకటి ధరతో గెలిచింది. ఆ తర్వాత 2012లో, 2014లో, 2024లో కూడా ఫ్రాన్స్‌లో పుట్టినవే గెలిచాయి. ఏడేళ్ల గుర్రం గెలవదన్నారు, 1940 నుంచి గెలవలేదు కాబట్టి. 2022లో నోబుల్ యేట్స్ గెలిచి చూపించింది. ఆడ జాకీ ఎప్పుడూ గెలవలేదన్నది కూడా ఒక ట్రెండే. 2021లో రేచెల్ బ్లాక్‌మోర్ దాన్ని ముగించింది. అంతవరకూ ఎంతమంది ఆడవాళ్లకి మంచి గుర్రం ఇచ్చారని ఏ షీట్లోనూ కాలమ్ లేదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా డేటాతో పనిచేసేవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పగలను. ఏడాదికి ఒక్క రేసు, ఇరవయ్యేళ్లకి ఇరవై మంది విజేతలు. వాళ్లని వర్ణించడానికి మీ దగ్గర వయసు, బరువు, దేశం, రంగు, విశ్రాంతి రోజులు ఇలా యాభై ప్రశ్నలున్నాయి. ఇరవై మందికీ సరిపోయే నాలుగైదు జవాబులు దొరక్కపోతేనే ఆశ్చర్యం. మా పనిలో దీన్ని ఓవర్‌ఫిటింగ్ అంటారు. పైగా రేసు కూడా పాత రేసు కాదు. 2013లో అడ్డంకుల లోపలి చెక్క తీసేసి మెత్తని ప్లాస్టిక్ పెట్టారు. 2024లో గుర్రాల సంఖ్య నలభై నుంచి ముప్ఫై నాలుగుకి తగ్గించారు. 1990ల లెక్క 1990ల రేసుకే చెల్లుతుంది.

ఇక అదృష్టం. డిటెక్టివ్ నవలల డిక్ ఫ్రాన్సిస్ మీలో కొందరికి తెలిసే ఉంటాడు. 1956లో ఆయన రాణీమాత గుర్రం డెవన్ లాక్ మీద అన్ని అడ్డంకులూ దాటి ముందున్నాడు. గమ్యం కళ్లెదుటే ఉండగా గుర్రం ఉన్నట్టుండి పొట్ట మీద కూలబడింది. ఎందుకో ఈరోజుకీ ఎవరూ తేల్చలేదు. ఏ జల్లెడ దాన్ని పట్టేది?

“అయితే గతం చూడొద్దా? మలక్‌పేట రేసుకోర్సులో పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్లంతా పిచ్చోళ్లా?” అంటారు. కాదు. మలక్‌పేటలో అడ్డంకులు లేవు, చదును పరుగే. కానీ అక్కడ తెలిసినవాడు చదివేది ‘ఫామ్’: ఈ గుర్రం, ఈ జాకీ, ఈ దూరం, ఈ నేల. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అన్నప్పుడు లెక్కలోకి తీసుకున్నది ఇలాంటి తెలివినే. ఫామ్ ఎదురుగా ఉన్న గుర్రం గురించి అడుగుతుంది. ట్రెండ్ ఎప్పుడో గెలిచిన వేరే గుర్రాల గురించి చెప్తుంది. ఒకవేళ ట్రెండ్‌లో నిజంగా ఏదైనా ఉన్నా, పేపర్లో అచ్చయ్యాక అందరూ దాని మీదే కాస్తారు, ధర పడిపోతుంది. మీకు మిగిలేదేం లేదు.

ఇంగ్లండ్ గుర్రాల మీద మనకెందుకింత కోపం అంటే, జూదం ఆడనివాళ్లు కూడా ఇదే జూదం ఆడుతున్నారు కాబట్టి. మాది బీదర్ సరిహద్దులో ఉన్న న్యాల్‌కల్. మా దిక్కు అల్లానికి ఓ ఏడు మంచి ధర పలికితే, వచ్చే ఏడు చూసినోళ్లంతా అల్లమే పెడతారు. విత్తనానికే అప్పు చెయ్యాలి, పంట నెలల తరబడి భూమిలోనే ఉండాలి. తీరా తవ్వేసరికి మార్కెట్ నిండా అల్లమే. పోయినేటి ధర ఒక ట్రెండ్. దాన్ని అందరూ నమ్మడమే దాన్ని చంపుతుంది. ఫోన్లో ‘ఈసారి ఏ పంట లాభం’ అని చార్టులు చూపించే నిపుణుడు గానీ, నిరుటి హిట్టు చూసి ‘ఇప్పుడు ఇలాంటి నవలలే నడుస్తయి’ అని కొత్త రచయితకి సలహా ఇచ్చే పెద్దమనిషి గానీ, ఎయిన్‌ట్రీ జ్యోతిష్కుడి చుట్టాలే. తప్పితే వాళ్లకి పోయేదేం లేదు. అప్పు రైతు పేరు మీద ఉంటుంది, పారేసిన రాతప్రతి రచయిత ఇంట్లో ఉంటుంది.

అదే జహీరాబాద్ చుట్టుపక్కల, పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, పెసర ఇంకా ఎన్నో కలిపి వేస్తారు. వానలు ఎట్లుంటాయో ముందే చెప్పగలమని వాళ్లు అనరు. ఏది పోయినా ఏదో ఒకటి ఇంటికి రావాలని వేస్తారు. గతం వాళ్లకీ తెలుసు, మనకన్నా ఎక్కువే తెలుసు. కానీ దాంట్లోంచి వాళ్లు నేర్చుకున్నది విజేత పేరు కాదు, విజేతని ముందే ఎంచుకోలేమని. డేటా సైన్స్ చదివిన మనం కనీసం అంత దూరమైనా రావాలి.