బయటి మద్దతు: బాధ్యత లేని పెత్తనం

ఏ పార్టీకీ మెజారిటీ రాని ఫలితం వెలువడగానే మన పత్రికలు అస్థిరత అంటూ శోకాలు మొదలుపెడతాయి, వోటరేదో నేరం చేసినట్టు. నాకీ ధోరణి నచ్చదు. ముక్కలైన తీర్పు కూడా తీర్పే. మైనారిటీ సంకీర్ణమూ తప్పు కాదు. అసలు దోషం "బయటి నుంచి మద్దతు" అనే ఏర్పాటులో ఉంది.

చరిత్ర చూడండి. 1979లో ఇందిరాగాంధీ మద్దతు మాట నమ్మి చరణ్ సింగ్ ప్రమాణ స్వీకారం చేశారు. బలం నిరూపించుకునే వేళకు ఆ మద్దతు లేదు. ప్రధానిగా ఒక్కనాడూ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేశారు. 1990లో అరవై చిల్లర సభ్యులతో చంద్రశేఖర్ గద్దెనెక్కారు, జుట్టు కాంగ్రెసు చేతిలో పెట్టి. రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్ళు నిఘా వేశారన్న గొడవతో 1991 మార్చిలో అదీ ముగిసింది. 1996లో 140 సీట్లకు పడిపోయిన కాంగ్రెసు, పద్దెనిమిది నెలల్లో దేవెగౌడనూ గుజ్రాల్‌నూ దించింది. దించినవారు ఒక్కసారైనా ప్రత్యామ్నాయ ప్రభుత్వాన్ని చూపించారా?

ఇందులో మన తెలుగువారికీ వాటా ఉంది. 1998లో 12 మంది, 1999లో 29 మంది ఎంపీలతో తెలుగుదేశం వాజపేయి ప్రభుత్వాన్ని బయటి నుంచే మోసింది. స్పీకరు పదవి తీసుకుంది, మంత్రి పదవులు వద్దంది. దాన్ని త్యాగమని మెచ్చుకున్నవారున్నారు. నా దృష్టిలో అది తామరాకు మీద నీటిబొట్టు రాజకీయం. మంచిపేరు వస్తే పంచుకోవచ్చు, చెడ్డపేరు వస్తే మేం బయటివాళ్ళం అనవచ్చు. 2024లో అదే పార్టీ 16 మంది సభ్యులతో కేంద్ర మంత్రివర్గంలో చేరింది. ఆ పార్టీ అంటే ఇష్టమున్నా లేకున్నా, ఇప్పుడు ఎవరిని నిలదీయాలో మనకు తెలుసు.

సిద్ధాంతం ఒప్పుకోక లోపలికి రాలేని పార్టీలు ఉంటాయి, నిజమే. అవి తమ షరతులు రాసి ప్రజల ముందు పెట్టాలి. 2004లో కనీస ఉమ్మడి కార్యక్రమం ఆధారంగా మద్దతిచ్చిన వామపక్షాలు 2008లో అణు ఒప్పందంపై విడిపోయాయి. వారితో ఏకీభవించనివారికి కూడా కారణమేమిటో అర్థమైంది.

మరొకటి. జర్మనీ రాజ్యాంగం 67వ అధికరణం ప్రకారం, సభ అవిశ్వాసంతో ఛాన్సలర్‌ను దించాలంటే వారసుణ్ణి కూడా ఎన్నుకోవాలి. 1982లో ష్మిట్ స్థానంలోకి కోల్ వచ్చింది అలాగే. ఆ నియమం మనకూ కావాలి. సభ హక్కుకు భంగమంటారు కొందరు. భంగమేమీ లేదు, కట్టలేనివాడు కూల్చకూడదు, అంతే.

వోటరు తన పని తాను చేశాడు. పార్టీలు తమ పని చెయ్యనప్పుడు వోటరును తిట్టడం ఇకనైనా మానుదాం.