పెన్నైన్ వేను పాడుచేసింది రాళ్లు కాదు

“పెన్నైన్ వే మీద రాతి పలకలు పరిచి కొండల అందమంతా చెడగొట్టారు. బురద కనిపించినచోట పక్కనున్న గడ్డి మీదుగా నాలుగడుగులు వేస్తే సరిపోయేది కదా!” ఇంగ్లండులో జట్లుగా కొండదారులు పట్టేవాళ్ల నోట ఈ మాట తరచుగా వింటుంటాను. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రెండు ముక్కలూ తప్పే. రెండోది మరీ తప్పు. ఆ సలహా ఏళ్ల తరబడి పాటించబట్టే రాళ్లు పరచవలసి వచ్చింది.

ఈడేల్ ఊరి నుంచి స్కాట్లండులోని కిర్క్ యెట్‌హోమ్ దాకా 268 మైళ్లు సాగే బాట ఇది. ఇలాంటిదొకటి కావాలని టామ్ స్టీవెన్సన్ 1935లో డెయిలీ హెరాల్డ్ పత్రికలో రాశాడు. అది తెరుచుకునేసరికి 1965 వచ్చింది. దక్షిణాన కిండర్ స్కౌట్, బ్లీక్‌లో, బ్లాక్ హిల్ కొండల మీద ఇది పీట్ నేల మీదుగా పోతుంది. అసలు చిక్కు అక్కడే. మన నల్లరేగడి వానకు ఎంత జారినా నాలుగు రోజుల ఎండకు గట్టిపడుతుంది. పీట్ అలా కాదు. వేల ఏళ్లుగా స్ఫాగ్నం నాచు కుళ్లీ కుళ్లక పేరుకున్న పొర అది. అందులో చాలా భాగం నీళ్లే. ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది.

అలాంటి నేల మీద ఒక జట్టు “పక్కగా” పోతే ఏమవుతుందో చూడండి. ముందున్న మనిషి బురద తప్పించుకుని ఎడమవైపు గడ్డిదుబ్బు మీద కాలు మోపుతాడు. దుబ్బు ఆగుతుంది. ఐదో మనిషి బరువుకు వేళ్లు తెగి ఓ పక్కకు ఒరుగుతుంది. పదో మనిషి వచ్చేసరికి అక్కడ నల్లటి నీళ్లు ఊరుతుంటాయి, ఆయన మరో అడుగు ఎడంగా వేస్తాడు. తర్వాతి ఆదివారం వచ్చే జట్టుకు తప్పించుకోవలసిన బురద ఇంకా వెడల్పయి ఉంటుంది. ఇలా సాగి సాగి ఒక మనిషి నడవాల్సిన బాట కొన్నిచోట్ల పదుల మీటర్ల మడుగైంది. బ్లాక్ హిల్ శిఖరమంతా పచ్చని పోచ లేకుండా బోడిగా మిగిలింది. ఈ బాటకు 1968లో మార్గదర్శి రాసిన వెయిన్‌రైట్ అంతటివాడే అక్కడ పీట్‌లో కూరుకుపోతే పైకి లాగవలసి వచ్చింది.

తప్పంతా నడిచేవాళ్లదే అనను. కింద పట్టణాల మిల్లుల పొగ అంతకుముందే నాచును చంపేసింది. కార్చిచ్చులు, గొర్రెల మేత కూడా తోడయ్యాయి. అలా అప్పటికే నీరసించిన నేల బూటుకాళ్లకు తట్టుకోలేకపోయింది. పైపొర పోయిన పీట్‌ను వాన కోసుకుపోతుంది, ఎండితే గాలి ఎగరేస్తుంది. వేల ఏళ్లు దాచుకున్న కర్బనం గాలిలో కలుస్తుంది, మట్టి కొట్టుకుపోయి దిగువనున్న తాగునీటి జలాశయాల్లో చేరుతుంది. ఇది అందానికి మాత్రమే సంబంధించిన గొడవ కాదు.

ఇక రాళ్ల సంగతి. వీటిలో చాలా పలకలు మూతపడ్డ లాంకషైర్ నూలుమిల్లుల్లో నేల మీద పరిచినవి. స్వదేశీ ఉద్యమంలో మనవాళ్లు కుప్పలు పోసి తగలబెట్టిన విదేశీ గుడ్డ నేసింది అలాంటి మిల్లుల్లోనే. వంగి చూస్తే కొన్నిటి మీద యంత్రాలు బిగించిన బెజ్జాలు కనిపిస్తాయి. హెలికాప్టర్లతో పైకి మోసి, పీట్ మీద తెప్పల్లా తేలేటట్టు పరిచారు. “కొండకు పరాయి రాళ్లు” అనేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి: ఆ ఇసుకరాయి ఈ పెన్నైన్ కొండల్లో తవ్వితీసిందే. మంచు పట్టినప్పుడు జారుతుంది, నిజమే. కానీ అడుగులన్నీ పలకల మీద పడ్డాక పక్క నేలకు ఊపిరాడింది. 2003 నుంచి మూర్స్ ఫర్ ది ఫ్యూచర్ అనే సంస్థ వాళ్లు బోడినేలలో గడ్డి, నాచు నాటుతున్నారు. ఇవాళ బ్లాక్ హిల్ మీద పచ్చదనం తిరిగి వచ్చింది.

“1932లో కిండర్ మీదికి దూసుకెళ్లినవాళ్లు పోరాడింది స్వేచ్ఛగా నడవడానికి, కాలిబాట పలకల కోసం కాదు” అనే వాదన కూడా ఉంది. అప్పట్లో జనానికి మూసి ఉంచిన ఆ కొండ మీదికి సాగిన నడకకు ముందు నిలిచి నాలుగు నెలలు జైలుకు పోయిన బెన్నీ రాత్‌మన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. ఆ కుర్రవాళ్లు కొండను తెరవమన్నది తర్వాత వచ్చేవాళ్లూ నడవాలనే. నేల మిగలకపోతే ఆ హక్కును ఏం చేసుకుంటాం?

కాబట్టి ఈసారి జట్టుగా వెళ్లేటప్పుడు బూట్లలోకి బురద పోకుండా గెయిటర్లు కట్టుకోండి. పలకలున్నచోట వాటి మీదే నడవండి. లేనిచోట బాట నడిమధ్యన, మోకాలి దాకా బురదైనా సరే, ఒకరి వెనక ఒకరు పోండి. లోతు అనుమానమైతే కర్రతో చూసుకోండి, దాటలేనిదైతే వెనక్కి తిరగండి. గడ్డి మీదికి మాత్రం దిగకండి.