రెట్టింపు లెక్క కూడా చెప్పించండి

తెలంగాణ డీజీపీ గారికి,

సికింద్రాబాద్ పేకాట కోర్టుకెక్కడం ఇవాళ్టి సంగతి కాదు. 1963లో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. ఆ కేసులోనే 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. 2017లో మన రాష్ట్రం చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలను, డబ్బు పెట్టి ఆడే రమ్మీతో సహా, నిషేధించింది. అయినా మోండా మార్కెట్ దగ్గర చాయ్ తాగే కుర్రాళ్ల ఫోన్లలో పోయిన డబ్బు ‘రికవరీ’ పాఠాలు నడుస్తూనే ఉన్నాయి: రంగుల పందెంలో ఎరుపు మీద వంద పెట్టు, పోతే రెండొందలు, మళ్లీ పోతే నాలుగొందలు, ఒక్కసారి తగిలితే అంతా తిరిగొస్తుందట!

తగిలినా చివరికి మిగిలేది వందే. వరసగా ఏడుసార్లు పోతే చేతి డబ్బు 12,700 ఆవిరి. ఆ వంద కోసం ఎనిమిదో పందెం 12,800. గెలుపోటములు సగం సగంగా ఉండే ఆటలోనే 128 సార్లు మొదలుపెడితే సగటున ఒకసారి ఈ గతి పడుతుంది. రోజూ ఆడేవాడికి అదెంత దూరం? పైగా నడిపేవాడు తన వాటా కోసుకుంటాడు, పందేనికి పరిమితి పెడతాడు. (ఆట సవ్యంగానే నడుస్తోందని ఎవరు చూడొచ్చారు?) ఎనిమిదో పందేనికి జేబులో లేకపోతే లోన్ యాప్ ఉండనే ఉంది.

అవగాహన పోస్టర్లు వేయించేటప్పుడు ‘బెట్టింగ్ నేరం’ అని రాసి ఊరుకోకండి. కింద ఈ లెక్క వేయించి సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద, కాలేజీ బస్టాపుల్లో అంటించండి.

ఇట్లు,
ఒక సికింద్రాబాద్ వాసి